పబ్లిక్ లా: ఎదుట ప్రభుత్వం ఉంటే చాలా? అపోహలు - వాస్తవాలు

లా మొదటి ఏడాది నోట్సులో ఒక నిర్వచనం ఉంటుంది. పౌరుడికీ రాజ్యానికీ మధ్య సంగతులు చూసేది పబ్లిక్ లా, పౌరుల మధ్య సంగతులు చూసేది ప్రైవేట్ లా. రాజ్యాంగం, పరిపాలనా చట్టాలు, క్రిమినల్ చట్టం, పన్నులు మొదటి గంపలో. కాంట్రాక్టులు, ఆస్తి, పెళ్లి, వారసత్వం రెండో గంపలో. పరీక్ష రాయడానికి ఇది సరిపోతుంది. దీన్నే నమ్ముకుని హైకోర్టులో రిట్ (ప్రభుత్వంలాంటి సంస్థలకు ఆదేశం ఇవ్వమని వేసే పిటిషన్) వేస్తే అడ్మిషన్ (విచారణకు తీసుకోవాలా అని చూసే) దశలోనే తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

అపోహ: ఎదుటి పక్షం ప్రభుత్వమైతే అది పబ్లిక్ లా వివాదమే.

ప్రభుత్వమూ భవనాలు అద్దెకు తీసుకుంటుంది, సిమెంటు కొంటుంది, కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకుంటుంది. అక్కడ చాలావరకు అదీ మామూలు కక్షిదారే. కాబట్టి ముందు చూడాల్సింది, సర్కారు వాడిన అధికారం ఒప్పందంలోంచి వచ్చిందా, చట్టంలోంచి వచ్చిందా అని. రోడ్డు పనికి కొలతల పుస్తకం ప్రకారం బిల్లు తక్కువ కట్టారంటే అది లెక్కల గొడవ. ఆర్బిట్రేషన్‌కో (మధ్యవర్తి తీర్పుకో) సివిల్ కోర్టుకో వెళ్లాలి. సివిల్ దావా అయితే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 80వ సెక్షన్ కింద నోటీసిచ్చి 2 నెలలు ఆగాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయొచ్చు.

టెండరులో ప్రకటించిన అర్హతను ఒకరి కోసం పక్కన పెడితే కథ మారుతుంది. అక్కడ రాజ్యాంగంలోని సమానత్వపు 14వ అధికరణ అడ్డొస్తుంది. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు, స్నాక్ బార్ల టెండరుపై 1979లో వచ్చిన రమణ దయారాం శెట్టి తీర్పు సారాంశం అదే: తాను పెట్టిన షరతుకు ప్రభుత్వ సంస్థ తానూ కట్టుబడాలి. అందరూ ఉటంకించే ఈ కేసులో చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. సూత్రం నిలిచింది గానీ పిటిషనర్‌కు ఒరిగిందేమీ లేదు. టెండరు ఖరారైన 5 నెలలు దాటాక కోర్టుకొచ్చారు, ఈలోగా గెలిచినవారు డబ్బు పెట్టేశారు. రిట్‌కు లిమిటేషన్ చట్టం (దావాల గడువుల చట్టం) పెట్టే గడువు లేదన్న మాట నిజమే. ఆలస్యానికి శిక్ష లేదనుకోవడం మాత్రం పొరపాటు.

ఒప్పందం ఉంది కాబట్టి రిట్ అసలే నిలవదనడమూ తప్పే. వాస్తవాలు కాగితాల మీదే తేలిపోతూ, ప్రభుత్వ సంస్థ నిర్ణయం ఏకపక్షంగా ఉంటే వినవచ్చని 2003 డిసెంబరులో ఏబీఎల్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: ప్రైవేటు సంస్థ మీద రిట్ వేయలేం.

హైకోర్టులకు రిట్ అధికారం ఇచ్చే 226వ అధికరణలో "ఏ వ్యక్తికైనా, ఏ ప్రాధికార సంస్థకైనా" అనే అర్థమిచ్చే మాటలున్నాయి. అహ్మదాబాద్‌లో ఒక ట్రస్టు తన కాలేజీని మూసేసి అధ్యాపకుల బకాయిలు ఎగ్గొట్టబోతే, ప్రజల కోసం చేసే విధి (ప్రజావిధి) నిర్వహిస్తుంటే ప్రైవేటు ట్రస్టైనా మాండమస్ (విధి నెరవేర్చమని కోర్టు ఇచ్చే ఆదేశం) ఇవ్వొచ్చని 1989లో ఆండీ ముక్త కేసులో తేలింది. క్రికెట్ బోర్డు 12వ అధికరణ ప్రకారం "రాజ్యం" కాదని 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో 3-2 తేడాతో తేల్చినా, 226 దారి తెరిచే ఉంచారు.

అలాగని ప్రతి ప్రైవేటు సంస్థా దొరకదు. రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్నంత మాత్రాన ప్రైవేటు బ్యాంకు చేసేది ప్రజావిధి అయిపోదు. 2003లో ఫెడరల్ బ్యాంకు ఉద్యోగి కేసులో ఇదే చెప్పారు. 2022లో సెయింట్ మేరీస్ సొసైటీ తీర్పు ఇంకో మెట్టు ఎక్కింది: బడి ప్రజావిధి చేస్తున్నా, ఉద్యోగి తొలగింపు కేవలం సర్వీసు ఒప్పందపు సంగతైతే రిట్ కుదరదు. సంస్థ ప్రజావిధి చేస్తోందా, మీరు ప్రశ్నిస్తున్న చర్య ఆ విధిలో భాగమేనా - రెండింటికీ అవునని రావాలి. సర్ఫేసీ (బాకీ కోసం తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) కింద ప్రైవేటు బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటే వెళ్లాల్సింది 45 రోజుల్లోగా డీఆర్‌టీకి (రుణ వసూలు ట్రిబ్యునల్‌కి).

అపోహ: పబ్లిక్ లా అంటే పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం).

పిల్ అందులో ఒక చిన్న గది. మీ ఒక్కరి పాస్‌పోర్టు ఆపినా అది పబ్లిక్ లా సంగతే.

అపోహ: పెద్ద విషయమైతే నేరుగా సుప్రీంకోర్టే.

సుప్రీంకోర్టుకు నేరుగా వెళ్లే దారైన 32వ అధికరణ ప్రాథమిక హక్కులకే. ఆస్తి హక్కును 1978 నాటి 44వ సవరణ ఆ జాబితాలోంచి తీసి 300-ఏ అధికరణలో పెట్టింది. పరిహారం ఇవ్వకుండా పొలం తీసుకున్నారంటే అమరావతి లేదా హైదరాబాద్‌లోని హైకోర్టే సరైన చోటు. "మరే ఇతర ప్రయోజనానికైనా" అన్న మాట 226లో ఉంది, 32లో లేదు.

అపోహ: అప్పీలు గడువు దాటిపోయినా రిట్ ఉందిగా.

కాకినాడ ఎల్‌టీయూ (పెద్ద పన్ను చెల్లింపుదారుల విభాగం) అధికారి, గ్లాక్సో సంస్థల మధ్య కేసులో 2020లో సుప్రీంకోర్టు ఈ ఆశ మీద నీళ్లు చల్లింది. ఆంధ్రప్రదేశ్ వ్యాట్ చట్టంలో అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 30. అదీ దాటాక హైకోర్టు రిట్ విని ఉండకూడదంది. ప్రత్యామ్నాయ మార్గం ఉన్నా రిట్ వినదగ్గ సందర్భాలు 1998 నాటి వర్ల్‌పూల్ తీర్పులో నాలుగున్నాయి: ప్రాథమిక హక్కు దెబ్బతినడం, సహజ న్యాయసూత్రాల ఉల్లంఘన, అధికార పరిధి లేకుండా ఇచ్చిన ఉత్తర్వు, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించడం. నోటీసివ్వకుండా పన్ను వేస్తే రెండోది పనికొస్తుంది. పన్ను ఎక్కువ వేశారన్నది మాత్రం అప్పీలులో తేల్చుకోవాల్సిన మాట.

మాండమస్ అడిగేవాళ్లు ఎక్కువగా తడబడేది కాగితాల దగ్గరే. ముందు అధికారికి వినతిపత్రం ఇవ్వాలి. అందులో ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాయాలి. ఇన్‌వార్డు ముద్ర ఉన్న కాపీ, లేదంటే పోస్టు రసీదు దాచాలి. తగినంత సమయం ఇచ్చాకే కోర్టు. ప్రతివాదుల్లో ముందు రాష్ట్రం (సంబంధిత శాఖ ముఖ్య కార్యదర్శి ద్వారా), తర్వాత కలెక్టరు, తహశీల్దారు. ఉత్తర్వు రద్దయితే నష్టపోయే పక్క రైతునో ఎంపికైన అభ్యర్థినో చేర్చకపోతే పిటిషన్ ఆ ఒక్క లోపంతోనే పోవచ్చు. హద్దు ఎక్కడ, సంతకం ఎవరిది అంటూ సాక్షుల్ని విచారిస్తే తప్ప తేలని వాటిని అఫిడవిట్ల మీద తేల్చమంటే కోర్టు సివిల్ దావా వేసుకోమంటుంది.

అపోహ: రిట్ గెలిస్తే పని అయిపోయినట్టే.

"వినతిని పరిశీలించి ఇన్ని వారాల్లో తగిన ఉత్తర్వులివ్వాలి" అన్న తీర్పు చూసి స్వీట్లు పంచినవాళ్లున్నారు. దానర్థం పరిశీలించమని, ఇవ్వమని కాదు. కారణాలు రాసి తిరస్కరిస్తే తీర్పును పాటించినట్టే. దాని మీద కొత్త రిట్ వేసుకోవాలి. గడువులోగా అసలు ఏ ఉత్తర్వూ ఇవ్వకపోతే అప్పుడు కోర్టు ధిక్కరణ. అదీ ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపు.

అపోహ: ప్రభుత్వ విధుల్లో జరిగిన తప్పుకు పరిహారం రాదు.

1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేసినప్పుడు ఒక ఖైదీ చనిపోయారు. జైలు నడపడం సార్వభౌమ విధి కాబట్టి తనకు బాధ్యత లేదని రాష్ట్రం వాదించింది. ప్రాణహక్కు ముందు ఆ వాదన నిలవదని హైకోర్టు 1,44,000 రూపాయలు ఇప్పించింది, 2000లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అది సివిల్ దావా. ఒడిశాలో జరిగిన ఒక కస్టడీ మరణంపై 1993లో వచ్చిన నీలబతి బెహెరా తీర్పు ప్రకారం 32, 226 అధికరణల కింద కూడా పరిహారం అడగొచ్చు. అక్కడ ఇచ్చింది లక్షన్నర. రిట్‌లో ఇంత వచ్చినా, మిగతా నష్టానికి సివిల్ దావా వేసుకునే హక్కు పోదు.