కాకిబంగారం పొరల్లో కొత్త ఫిజిక్స్

డిగ్రీ ఫస్టియర్ మొదటి క్లాసుకి నేను పుస్తకం తీసుకెళ్లను. జేబులో ఓ కాకిబంగారం ముక్క, సెల్లోటేపు, ఒక పెన్సిల్ ఉంటాయి. మైకా గనులున్న సైదాపురం వైపు పిల్లలైతే చూడగానే "మైకా సార్" అనేస్తారు. గోరుతో అంచు గీరి పొర లాగమంటాను. వస్తుంది. అందులోంచి ఇంకో పొర, మళ్లీ ఇంకోటి. ఎంతవరకు లాగొచ్చు అంటే, "గోరుకి దొరికినంతవరకు సార్!"

గోరు ఓడిపోయాక కూడా పొరలు మిగిలే ఉంటాయి. ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. వెంట్రుకంత పల్చటి రేకులో కూడా వేలకి వేల పొరలు. పొర లోపల సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. పొరకీ పొరకీ మధ్య పొటాషియం పట్టు మాత్రం బలహీనం. అందుకే అంత సులువుగా ఊడొస్తాయి.

పెన్సిల్‌లోని గ్రాఫైట్‌దీ ఇదే తంతు. ల్యాబుల్లో గ్రాఫైట్ పైభాగం శుభ్రం చేయడానికి టేపు అంటించి పీకి, ఆ టేపుని చెత్తబుట్టలో వేసేవాళ్లు. మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ ఆ టేపుకి ఏం అంటుకుందో చూద్దామనుకున్నారు. మడిచి, పీకి, మళ్లీ మడిచి, చివరికి సిలికాన్ పలక మీద అద్ది మామూలు మైక్రోస్కోపులో వెతికితే, ఒక్క పరమాణువు మందం రేకు దొరికింది. అదే గ్రాఫీన్. 2004లో ప్రకటించారు, 2010లో నోబెల్ వచ్చింది. అందులో ఎలక్ట్రాన్లు అసలు బరువే లేనట్టు సెకనుకి సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో పోతాయి. 2018లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు రెండు రేకుల్ని ఒకదాని మీద ఒకటి 1.1 డిగ్రీ తిప్పి పెడితే, మైనస్ 271 డిగ్రీల చలిలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారింది. ఎందుకలా అన్నదాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. మీరు పీహెచ్‌డీకి వెళ్లేనాటికి కూడా పని మిగిలే ఉంటుందని చెబుతుంటాను.

"ఇవన్నీ కాదు సార్, స్పేస్ చెప్పండి" అని ఒకడైనా అంటాడు. పక్కనే శ్రీహరికోట పెట్టుకున్నాక అనక ఏం చేస్తాడు? మిద్దె మీద నిలబడి రాకెట్ చూసి పెరిగినవాడు. కానీ రాకెట్ బండి మాత్రమే, ఫిజిక్స్ ప్రశ్న అది మోసుకెళ్లే పెట్టెలో ఉంటుంది. 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ని చూస్తోంది. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలు, దానికి పైనున్న కరోనా అనే వాయుపొర పది లక్షలు దాటుతుంది. పొయ్యి కంటే పొయ్యి మీది గాలి వేడెక్కినట్టు! ఇదీ పూర్తిగా తేలలేదు.

కణాలు, కేంద్రకాల వైపు వెళ్లినా కాకిబంగారం వదలదు. ఆల్ఫా కణాల్ని కాగితం ముక్క కూడా ఆపేస్తుంది కదా, అందుకే రేడియేషన్ పసిగట్టే గైగర్ కౌంటర్ గొట్టానికి పల్చటి మైకా రేకే కిటికీ. డీఎన్ఏ పోగుని సూక్ష్మంగా చూడాలన్నా అప్పుడే ఒలిచిన మైకా మీదే పరుస్తారు. అంత చదునైన నేల దొరకడం కష్టం.

క్లాసయ్యేసరికి అందరి వేళ్లకీ తళుకులు, టేపుల నిండా పెన్సిల్ మసి. బెంచీలు తుడిచే ఆయమ్మకి మాత్రం ఆ రోజు నేనంటే మంట.