సైగను పట్టుకోవడానికి వచ్చిన కాగితం

హనుమకొండలో ఏ స్కానింగ్ సెంటర్‌కు వెళ్లినా గోడమీద ఒక బోర్డు ఉంటుంది: పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పరు, చెప్పడం నేరం. ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో వచ్చిన గర్భిణి ఒక ఫారం మీద సంతకం పెడుతుంది. శిశువు లింగం తెలుసుకోవాలని నాకు లేదని అందులో ఆమె మాటగా రాసి ఉంటుంది. చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు. చదివి వినిపించే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

గర్భస్థ శిశువును అల్ట్రాసౌండ్‌తో చూడవచ్చని గ్లాస్గోలో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో చూపింది. ఎక్స్‌రేలా రేడియేషన్ భయం లేదు కాబట్టి అది ఊరూరా పాకింది. మన దేశంలో ఆడపిల్ల వద్దనుకున్న ఇళ్లకు అంతకుముందే, 1970లలో, శిశువు లింగం చెప్పగల ఉమ్మనీటి పరీక్ష అందింది. దానికి పొట్టలో సూది గుచ్చాలి. స్కానింగ్‌కు ఆ బాధ కూడా లేకపోయింది.

లింగ నిర్ధారణను అడ్డుకోవడానికి మహారాష్ట్ర 1988లో చట్టం తెచ్చింది. కేంద్ర చట్టం 1994లో వచ్చి, 1996 జనవరి 1 నుంచి అమలైంది. అమలైందని అనడమే గానీ, పట్టించుకున్నవారు తక్కువ. చట్టం అమలు కావడం లేదని 2000లో సెహత్, మాసూమ్ అనే స్వచ్ఛంద సంస్థలు, ఉద్యమకారుడు సాబూ జార్జ్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. మరుసటి ఏడాది జనాభా లెక్కలు వచ్చాయి: ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 945 నుంచి 927కు పడిపోయారు. కోర్టు మందలింపుల నడుమ 2003లో చట్టాన్ని బిగించారు.

అసలు చిక్కు నేరం స్వభావంలోనే ఉంది. మాటతోగానీ సైగతోగానీ మరే విధంగానైనా గానీ చెప్పకూడదంటుంది చట్టం. ఒక తలాడింపు చాలు, పని అయిపోతుంది. చెప్పినవారికీ విన్నవారికీ దాచడమే లాభం. సాక్షి ఎక్కడి నుంచి వస్తాడు? అందుకే చట్టం కాగితాన్ని సాక్షిగా నిలబెట్టింది. గర్భిణి సంతకం ఉండే ఆ ఫారం పేరు ఫారం ఎఫ్; సెంటర్ దాన్ని నింపడంలో లోపం కనిపిస్తే, కాదని సెంటర్ వాళ్లు నిరూపించుకునేదాకా నేరం కిందే లెక్క. తొలిసారికి మూడేళ్లదాకా జైలు, పదివేలదాకా జరిమానా. గడి నింపడం మరిచిపోయినవారినీ, లింగం చెప్పి సొమ్ము చేసుకునేవారినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని ప్రసూతి వైద్యుల సమాఖ్య వాదించింది. 2019 మే 3న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. వైద్యుల బాధ అబద్ధం కాదు. అయినా కోర్టు మాటే నాకు సబబనిపిస్తుంది. ఆ కాగితాన్ని సడలిస్తే చేతిలో మిగిలేది ఏమీ లేదు.

అయితే ఏ రిజిస్టరులోనూ లేని స్కానింగ్ యంత్రానికి ఫారమే ఉండదు. 2023లో వరంగల్ పోలీసులు లింగ నిర్ధారణ, అక్రమ గర్భస్రావాలు చేయిస్తున్న ముఠాను అరెస్టు చేసినప్పుడు ఆ సంగతి ఇక్కడివారికి తెలిసివచ్చింది.

గర్భిణి ఈ పరీక్షకు వచ్చిందంటే భర్తో బంధువులో బలవంతపెట్టారనే చట్టం ముందుగా భావిస్తుంది. ఫారం మాత్రం ఆమెతోనే హామీ రాయించుకుంటుంది. భర్త పేరు రాయడానికి అందులో గడి ఉంది, ఆయన సంతకానికి లేదు.