బొగ్గు ఉంది, కరెంటు లేదు

సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్‌కి శరీరం అదుపు తప్పి స్పందించి, సొంత అవయవాలనే దెబ్బతీసుకునే స్థితి) ఐసీయూలో ఉన్న వాళ్ల పెద్దనాన్నకి సెలైన్లు ఎక్కుతున్నాయి, ఆక్సిజన్ అందుతోంది, అయినా కిడ్నీలు ఎందుకు మొరాయించాయని ఒక పాఠకురాలు అడిగారు.

ముందు సెలైన్ సంగతి తేల్చేద్దాం. ఒక్క గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే ఒంట్లోకి బలం వచ్చేస్తుందని మనవాళ్లకి గట్టి నమ్మకం. 5 శాతం డెక్స్‌ట్రోజ్ (అంటే గ్లూకోజే) అరలీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర. వంద కేలరీలు కూడా రావు, ఇడ్లీలు తినడం నయం. పైగా సెప్సిస్‌లో చాలామందికి రక్తంలో చక్కెర ఎక్కువే ఉంటుంది. బీపీని మందులతో నిలబెట్టాక కండరంలో కొలిస్తే ఆక్సిజన్‌కీ లోటు ఉండకపోవచ్చు. సరుకు ఉంది, కణం వాడుకోలేకపోతోంది.

‘మైటోకాండ్రియా కణానికి పవర్‌హౌస్’ అని స్కూల్లో బట్టీ పట్టించి వదిలేస్తారు. ఆ పోలికనే ఇంకాస్త ముందుకు లాగుదాం. కణం ఖర్చుపెట్టేది ఏటీపీ అనే అణువును. (భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే 1929లో హార్వర్డ్‌లో దీన్ని కండరంలో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా. ఏటీపీ పాఠం చెబుతూ సుబ్బారావుగారి పేరు ఎత్తే మాస్టార్లు ఎందరున్నారో!) కరెంటులాగే దీన్ని నిల్వ చేసుకోవడం కుదరదు. ఒంట్లో ఏ క్షణాన చూసినా కొన్ని పదుల గ్రాములే ఉంటుంది. రోజంతా తయారై ఖర్చయ్యేది మాత్రం పదుల కిలోలు.

ఇక ప్లాంటు లోపలికి. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి చేతులు మారి, చివరికి నాలుగో కాంప్లెక్స్ (ఈ వరుసలోని ప్రోటీన్ గుంపుల్లో ఆఖరిది) దగ్గర ఆక్సిజన్‌ను చేరతాయి. ఆ ఊపుతో పొర అవతల ప్రోటాన్లు పోగుపడతాయి. అవి వెనక్కి వచ్చేటప్పుడు ఏటీపీ సింథేజ్ అనే టర్బైన్ నిజంగానే గిర్రున తిరుగుతుంది. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో శరీరం నైట్రిక్ ఆక్సైడ్‌ను విపరీతంగా తయారుచేస్తుంది. బీపీ పడిపోవడానికి అదొక కారణం. అదే వాయువు నాలుగో కాంప్లెక్స్‌లో ఆక్సిజన్ సీటు ఆక్రమిస్తుంది. అంతవరకైతే మళ్లీ లేచిపోగలదు. సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారితేనే చిక్కు: అది మొదటి కాంప్లెక్స్‌ను దెబ్బతీస్తుంది. 2002లో లండన్‌లో మెర్విన్ సింగర్ బృందం సెప్టిక్ షాక్ (సెప్సిస్‌తో బీపీ ప్రమాదకరంగా పడిపోయిన) రోగుల తొడ కండరం ముక్కల్ని పరీక్షిస్తే, తర్వాత చనిపోయినవాళ్ల కండరంలో ఏటీపీ బతికినవాళ్లకంటే తక్కువగా ఉంది.

ప్లాంటు మూలపడితే డీజిల్ జనరేటర్ వేస్తాం కదా, కణంలో అది గ్లైకాలిసిస్, అంటే ఆక్సిజన్ అక్కర్లేకుండా గ్లూకోజ్‌ను విరగ్గొట్టడం. మామూలుగా ఒక గ్లూకోజ్ అణువుకి 30 దాకా ఏటీపీలు వస్తాయి. ఇందులో వచ్చేవి 2. అలా గ్లూకోజ్ విరిగాక మిగిలే, ఐసీయూలో మాటిమాటికీ కొలిచే లాక్టేట్ పెరగడానికి ఇదీ ఒక కారణమే. దాన్ని జనరేటర్ పొగ అనాలనిపిస్తుంది గానీ పోలిక అక్కడ చెడుతుంది. లాక్టేట్‌ను గుండె శుభ్రంగా ఇంధనంగా వాడుకుంటుంది. పైగా అడ్రినలిన్ ఎక్కువైతే ఆక్సిజన్ ఉన్నా కండరాలు లాక్టేట్ వదులుతాయి.

మరి కిడ్నీ? సెప్సిస్‌తో చనిపోయినవారి కిడ్నీని మైక్రోస్కోప్ కింద చూస్తే, చచ్చిన కణాలు అనుకున్నన్ని కనిపించవు. ఫ్రీక్వెన్సీ పడిపోతుంటే గ్రిడ్ మొత్తం కుప్పకూలకుండా ఫీడర్లు కట్ చేస్తారు. కణమూ అదే చేస్తుంది: కిడ్నీ కణానికి అతి పెద్ద లోడు సోడియాన్ని తోడే పంపులు, కోత వాటికి. కణం బతికే ఉంటుంది, డ్యూటీ మానేస్తుంది. ఇది ఇంకా సిద్ధాంతమే అయినా నాకు నమ్మబుద్ధేస్తుంది. కోలుకున్నవారిలో చాలామందికి కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయి మరి. కాలిపోయిన మోటారు అలా తిరగదు.

నైట్రిక్ ఆక్సైడే దోషి అయితే దాని తయారీని ఆపేస్తే సరి అనిపిస్తుంది. ఆపి చూశారు. 2004లో ప్రచురితమైన ట్రయల్‌లో బీపీ బాగానే లేచింది, కానీ 28 రోజుల్లో మరణాలు 49 శాతం నుంచి 59 శాతానికి పెరిగాయి. ట్రయల్‌ను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది.