పోస్టు లేని ఉద్యోగం: ఆశా కార్యకర్తల వేతన పోరాటం వెనుక కథ

ఆశా కార్యకర్తలు రోడ్డెక్కినప్పుడల్లా చర్చ అంతా ఎంత పెంచాలన్న అంకె చుట్టూనే తిరుగుతుంది. వాళ్లు నెలకు రూ.18,000 ఫిక్స్‌డ్ వేతనం అడుగుతారు, ప్రభుత్వం వెయ్యో రెండు వేలో పెంచుతుంది, కొన్నాళ్లకు మళ్లీ ధర్నా. ఊళ్లో గర్భిణుల పేర్లన్నీ నోటికి చెప్పగల మనిషికి అసలు జీతమే ఎందుకు లేదన్నది పెద్దగా ఎవరూ అడగరు.

అది పథకం రాసినప్పుడే తీసుకున్న నిర్ణయం. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. వెయ్యి జనాభాకు ఒక ఆశా ఉండాలన్నారు. ఆమె గౌరవ స్వచ్ఛంద కార్యకర్త అని, జీతం గానీ గౌరవ వేతనం గానీ ఉండదని మార్గదర్శకాల్లోనే రాశారు. వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు మూడు గంటల పని అని అంచనా వేశారు. ఆమె సొంత బతుకుతెరువుకు అడ్డు రాకూడదట. చేసిన పనికి మాత్రం పారితోషికం.

ఇలాంటి ప్రయోగం అంతకుముందూ జరిగింది. 1977 అక్టోబర్ 2న జనతా ప్రభుత్వం ఊరికో ఆరోగ్య కార్యకర్తను పెట్టి నెలకు రూ.50 ఇచ్చింది. తర్వాత వాళ్లను గ్రామ ఆరోగ్య గైడ్‌లన్నారు. పేరు మారింది గానీ ఆ యాభై రూపాయలు మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాయి. కొత్త మిషన్‌కు దగ్గరి నమూనా ఊళ్లోని మహిళలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకుని ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమం.

పనికింత అనే లెక్క ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చూస్తే చాలు. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బిడ్డను ఆశా 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లి చూడాలి. బరువు చూడాలి, పాలు పట్టడం నేర్పాలి, ప్రమాద లక్షణాలు గమనించాలి. ఈ ఆరు సందర్శనలకూ కలిపి కేంద్రం పెట్టిన రేటు రూ.250, అంటే ఒక్కో సందర్శనకు రూ.42 లోపు. అదీ జనన నమోదు, తొలి టీకాలు పూర్తయితేనే. తల్లీబిడ్డలు 42వ రోజు దాకా క్షేమంగా ఉండాలన్నది కూడా షరతుల్లో ఉంది. అంటే బిడ్డ చనిపోతే అన్నిసార్లు తిరిగిన ఆమె కష్టానికి లెక్క లేదు. ఇంత అన్యాయమైన షరతు ఎలా రాయగలిగారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక పని మాత్రం పెరుగుతూనే పోయింది. టీబీ మందులు, బీపీ, షుగర్ సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు వచ్చి పడ్డాయి. దీనికి స్టాఫ్ కొరత తోడైంది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలన్నది నియమం. అక్కడ పనిభారం పెరిగితే రెగ్యులర్ పోస్టులు పెంచకుండా మిషన్ కింద రెండో ఏఎన్ఎంను (ఉపకేంద్రంలో పనిచేసే నర్సును) కాంట్రాక్టు మీద తీసుకున్నారు. తెలంగాణలో ఆ రెండో ఏఎన్ఎంలే రెగ్యులరైజ్ చేయాలంటూ 2023 ఆగస్టులో సమ్మెకు దిగారు. ఆశాల గొడవ, వాళ్ల గొడవ వేర్వేరు కాదు. పోస్టులు పెంచకుండా సేవలు పెంచిన విధానం నుంచే రెండూ పుట్టాయి.

చట్టపరమైన హక్కు లేదు కాబట్టి ఆశాలకు వచ్చిన ప్రతి రూపాయీ రాజకీయ నిర్ణయంగానే వచ్చింది. 2015లో తెలంగాణ ఆశాలు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. 2017లో కేసీఆర్ ప్రభుత్వం వాళ్లకు నెలకిచ్చే మొత్తాన్ని రూ.6,000కు పెంచింది, తర్వాత విడతల్లో అది రూ.9,750కి చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జగన్ ప్రభుత్వం రూ.3,000ను రూ.10,000 చేసింది. అది నిజంగా పెద్ద పెంపే. 2025 మార్చిలో చంద్రబాబు ప్రభుత్వం గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించి, విరమణ వయసు 62కు పెంచింది. పసిబిడ్డల తల్లులను ఏళ్లుగా చూసుకుంటున్నవాళ్లకు ప్రసూతి సెలవు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

కేంద్రం దగ్గర కదలిక ఇంకా నెమ్మది. పథకాల కింద పనిచేసేవాళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలిసి కూర్చునే భారత కార్మిక మహాసభ 2013లోనే తన 45వ సమావేశంలో సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. నెలనెలా చేసే పనులకిచ్చే మొత్తాన్ని 2018లో రూ.1,000 నుంచి రూ.2,000కు, 2025లో రూ.3,500కు పెంచారు. కోవిడ్‌లో ఇంటింటికీ తిరిగినందుకు అదనంగా ఇచ్చింది నెలకు రూ.1,000. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్లకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని తేల్చింది గానీ, ఆ తీర్పు ఆశాల గురించి కాదు.

2025 ఫిబ్రవరిలో తిరువనంతపురం సచివాలయం ముందు కేరళ ఆశాలు కూర్చున్నారు. వాళ్ల గౌరవ వేతనం అప్పటికి రూ.7,000, అడిగింది రూ.21,000. నెలల తరబడి సాగిన ఆ నిరసన తర్వాత ప్రభుత్వం పెంచింది రూ.1,000.