ఆ బోర్డు రాసిందెవరు?

2021 ఆగస్టు చివరి వారం. హైదరాబాద్ దోమలగూడలో ఇందిరా పార్కు గేటు దగ్గర ఒక బోర్డు వెలిసింది. పెళ్లికాని జంటలకు లోపలికి ప్రవేశం లేదని దాని సారాంశం. కింద పార్కు యాజమాన్యం పేరు. ఒక హక్కుల కార్యకర్త ఫొటో తీసి ట్విట్టర్‌లో పెట్టేసరికి గొడవ మొదలైంది. పెళ్లయిందో లేదో గేటు దగ్గర ఎలా తెలుస్తుంది? మెళ్లో తాళి చూస్తారా, కాళ్లకు మెట్టెలు చూస్తారా, ఫోన్‌లో పెళ్లి ఫొటో చూపించమంటారా? అన్నాచెల్లెళ్లు కలిసి వస్తే ఏం చేస్తారు? చివరికి జీహెచ్ఎంసీ అధికారులు బోర్డు తీయించి, విచారం వ్యక్తం చేశారు. పార్కులో కొందరి ప్రవర్తన బాగాలేదని కుటుంబాలతో వచ్చేవాళ్లు ఫిర్యాదు చేశారట, అందుకే పెట్టారట.

తమాషా ఏమిటంటే, అదే వారం, ఆగస్టు 29 ఆదివారం సాయంత్రం, ఆ పార్కుకు కూతవేటు దూరంలో ఉన్న ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేసి రోడ్డును జనానికి వదిలారు. సాయంత్రం 5 నుంచి రాత్రి 10 దాకా ఎవరు ఎవరితో వచ్చినా అడిగినవాళ్లు లేరు. ఒకే ఊరు, ఒకే వారం. ఒకచోట జనాన్ని రమ్మన్నారు, ఇంకోచోట జల్లెడ పట్టబోయారు.

ఇందిరా పార్కుకు 1975లో అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. 1978లో జనానికి తెరిచారు. 76 ఎకరాలు. అన్నేళ్ల పార్కు చరిత్రలో ఆ బోర్డు వయసు కొన్ని రోజులే. కానీ దాని వెనకున్న ఆలోచన వయసు నూటయాభై ఏళ్లకు పైనే.

నగరం ఖర్చుతో సామాన్యుల కోసం పార్కులు కట్టడం పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో, అమెరికాలో ఊపందుకుంది. కట్టించిన పెద్దల మనసులో గాలి, చెట్లు, ఆరోగ్యంతో పాటు ఇంకో లెక్క కూడా ఉండేది: కూలీనాలీ జనం ఇక్కడికి వచ్చి పెద్దమనుషుల నడక, మాట నేర్చుకుంటారని. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కు 1858లో తెరిచినప్పుడు, దాన్ని తీర్చిదిద్దిన ఫ్రెడరిక్ ఒల్మ్‌స్టెడ్ స్వయంగా కాపలాదళాన్ని తయారు చేశారు. గడ్డి మీద అడుగు పెట్టకుండా చూడటం వాళ్ల పనుల్లో ఒకటి. పార్కులో బ్యాండు కచేరీలు జరిగేవి గానీ, ఆదివారం కచేరీలు మొదలైంది 1884లో. అంటే పాతికేళ్లపాటు, వారానికి ఒక్క ఆదివారమే సెలవు ఉన్న కార్మికుడికి తన పార్కులో పాట వినే వీల్లేకపోయింది. రూలులో కార్మికుడు అన్న మాట ఎక్కడా ఉండదు. ఆదివారం అని మాత్రమే ఉంటుంది.

లండన్‌లో కథ వేరుగా నడిచింది. 1866లో ఓటుహక్కు కోసం హైడ్ పార్కులో సభ పెట్టుకోబోతే ప్రభుత్వం గేట్లు మూసింది. జనం ఇనుపకంచెను ఊపి ఊపి పడగొట్టారు. ఆరేళ్ల తర్వాత, 1872లో, రాచపార్కులకు ఒక చట్టం చేశారు. ఎవరైనా నిలబడి ప్రసంగించే చోటుగా ఇవాళ స్పీకర్స్ కార్నర్ అని పేరుపడిన మూల ఆ గొడవల్లోంచి పుట్టిందే. అక్కడ రూలు పార్లమెంటుకు వెళ్లి, చర్చకు వచ్చి, కాగితం మీదికి ఎక్కింది. మన దగ్గర ఫ్లెక్సీ షాపుకు వెళ్లి, గేటు మీదికి ఎక్కుతోంది. నా గొడవంతా ఆ తేడా గురించే.

మన దేశంలో ఈ వ్యవహారాలకు ఆసరాగా చూపించే చట్టం ఒకటుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 294వ సెక్షన్. బహిరంగ ప్రదేశంలో, ఇతరులకు చిరాకు కలిగేలా అశ్లీలమైన పని చేస్తే మూడు నెలల వరకు జైలు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 296వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, చట్టం చేసిన పనిని చూస్తుంది. చేసినవాళ్లకు పెళ్లయిందా అని అడగదు. బెంచీ మీద పక్కపక్కన కూర్చోవడం అశ్లీలమని అందులో ఎక్కడా లేదు. అయితే ఏది అశ్లీలమో కూడా సెక్షన్ విడమర్చి చెప్పలేదు. ఆ ఖాళీలోకే లాఠీ దూరుతుంది, విజిల్ దూరుతుంది.

2005 డిసెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో, గాంధీ పేరు మీదున్న ఒక పార్కులోకి పోలీసులు టీవీ కెమెరాలను వెంటబెట్టుకుని వెళ్లారు. దానికి 'ఆపరేషన్ మజ్నూ' అని పేరు. బెంచీల మీద కూర్చున్న అమ్మాయిలనూ అబ్బాయిలనూ కొట్టారు. మహిళా పోలీసులు అమ్మాయిల చెంపలు వాయించడం దేశమంతా టీవీల్లో చూసింది. కొందరు అధికారులు సస్పెండ్ అయ్యారు. కోర్టులు ఆ తర్వాత వరసగా ఒకే దిక్కున మాట్లాడాయి. ఢిల్లీ ద్వారకలో మెట్రో పిల్లర్ దగ్గర ముద్దు పెట్టుకున్నారని ఒక యువ దంపతుల మీద పోలీసులు కేసు పెడితే, ప్రేమ చూపించుకోవడం అశ్లీలం ఎలా అవుతుందో ఊహకు అందడం లేదని ఢిల్లీ హైకోర్టు 2009లో అభిప్రాయపడింది. 2010లో నటి ఖుష్బూ మీద తమిళనాడులోనూ, ఆ రాష్ట్రం బయటా పెట్టిన కేసులన్నీ సుప్రీంకోర్టు కొట్టేసింది. పెళ్లికి ముందు సంబంధాల గురించి ఆమె 2005లో ఒక పత్రికతో అన్న మాటలకు పెట్టిన కేసులవి. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి పెళ్లి లేకుండా కలిసి బతకడం నేరం కాదని కోర్టు అప్పుడే స్పష్టం చేసింది. ఒకే ఇంట్లో ఉండొచ్చని సుప్రీంకోర్టు చెప్పిన పదకొండేళ్లకు, ఒకే పార్కులో నడవకూడదని మన బోర్డు చెప్పిందన్నమాట.

బోర్డులకు బయట బోర్డు లేని రూళ్లు కూడా ఉన్నాయి. 2019 ఫిబ్రవరి 14న మేడ్చల్ వైపు కండ్లకోయలోని పార్కులో కనిపించిన ఒక జంటకు బజరంగ్‌దళ్ కార్యకర్తలు బలవంతంగా తాళి కట్టించారు. ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఇందిరా పార్కు బోర్డు సంగతి తెలిసిన రోజు నుంచీ నాకు దానికీ ఈ తాళికీ చుట్టరికం కనిపిస్తూనే ఉంది. ఒకరు పెళ్లి లేకపోతే రావొద్దంటారు, ఇంకొకరు వచ్చారు కాబట్టి పెళ్లి చేసేస్తామంటారు.

ఇలాంటి రూలు చేతికిస్తే ఏమవుతుందో తెలియాలంటే గుజరాత్ కేసు ఒకటి చూడాలి. 2001 అక్టోబరులో ఒక రాత్రి వడోదరలోని ఒక ప్రభుత్వరంగ సంస్థ టౌన్‌షిప్‌లో కాపలా ఉన్న సీఐఎస్ఎఫ్ కానిస్టేబుల్, కాబోయే భార్యతో బైకు మీద వెళ్తున్న యువకుణ్ని ఆపాడు. ఆ అమ్మాయితో కాసేపు గడపనివ్వమన్నాడు. కుదరదంటే ఏదైనా ఇమ్మన్నాడు. చివరికి ఆ కుర్రాడి చేతి గడియారం తీసుకున్నాడు. కానిస్టేబుల్ ఉద్యోగం పోయింది. ఆ కేసు ఇరవై ఒక్క ఏళ్లు తిరిగి 2022 డిసెంబరులో సుప్రీంకోర్టులో ముగిసింది. పోలీసులు నైతిక పోలీసింగ్ చేయాల్సిన అవసరం లేదని, దాన్ని అడ్డం పెట్టుకుని శరీరాన్నో వస్తువునో అడగకూడదని చెప్పి, అతణ్ని తీసేయడం సరైనదేనంది. కంచే చేను మేయడం అంటే ఇదే.

పక్కనే ఉన్న బెంగళూరులో ఈ వ్యవహారం జంటలను దాటి చాలా దూరం వెళ్లింది. కబ్బన్ పార్కు 1870లో మైసూరు సంస్థాన చీఫ్ ఇంజనీరు రిచర్డ్ శాంకీ వేయించిన తోట. 2023లో అక్కడ జంటలు దగ్గరగా కూర్చోవద్దని, తిండి తేవద్దని, చెట్లెక్కొద్దని ఆంక్షలు పెట్టారు. సెక్యూరిటీ వాళ్లు తిరుగుతూ లేపేవాళ్లు. 2024లో ఇందిరానగర్‌లో ఒక పార్కు బోర్డు ఇంకో మెట్టు ఎక్కింది: జాగింగ్ చేయకూడదు, గడియారపు ముల్లు తిరిగే దిక్కుకు ఎదురు నడవకూడదు, అనుచితంగా కూర్చోకూడదు. కూర్చోవడంలో ఉచితం, అనుచితం ఏమిటో రాసినవాళ్లే కూర్చుని చూపిస్తే బాగుండేది.

నవ్వుకోడానికి బాగానే ఉంది గానీ, బెంగళూరు పార్కుల్లో నాకు నవ్వు రానిది వేరే ఉంది. చాలా కాలం కార్పొరేషన్ పార్కులను పొద్దున తెరిచి, మధ్యాహ్నం పూట మూసి, మళ్లీ సాయంత్రం తెరిచేవారు. వాకింగ్ చేసేవాళ్లకు దానివల్ల నష్టం లేదు, ఎర్రటి ఎండలో ఎవరూ నడవరు. మరి ఆ వేళ చెట్టు నీడ కావాల్సింది ఎవరికి? డెలివరీ కుర్రాళ్లకు, మేస్త్రీ పని చేసేవాళ్లకు, ఇంటింటికీ తిరిగి పని చేసే ఆడవాళ్లకు. సెంట్రల్ పార్కు ఆదివారంలాగే ఇక్కడా మధ్యాహ్నం అన్న ఒక్క మాటతో పనైపోయింది. 2024లో ఉపముఖ్యమంత్రి డీకే శివకుమార్ చెప్పాక పార్కులు ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచుతామన్నారు.

మళ్లీ ఇందిరా పార్కు దగ్గరికి వద్దాం. ఆ పార్కు పక్క రోడ్డే ధర్నాచౌక్. 2017లో ప్రభుత్వం ధర్నాలను ఊరి బయటికి పంపేయాలనుకున్నప్పుడు, చుట్టుపక్కల కాలనీలవాళ్లకూ వాకింగ్‌కు వచ్చేవాళ్లకూ ఇబ్బందిగా ఉందన్నది ఒక కారణంగా చెప్పారు. ఆ మే నెలలో ప్రతిపక్షాలు అక్కడికి వచ్చిన రోజు, ధర్నాచౌక్ వద్దంటూ ప్లకార్డులు పట్టుకున్న 'స్థానికుల్లో' మఫ్టీలో ఉన్న పోలీసులు కూడా ఉన్నారని పెద్ద రభస జరిగింది. 2018లో హైకోర్టు జోక్యంతో గానీ అక్కడ మళ్లీ మైకు మోగలేదు. వాకర్స్ నిజంగా ఏం అన్నారో ఏమో, వాళ్ల పేరు మాత్రం ఎవరికైనా అక్కరకొస్తుంది.

ఫిర్యాదు చేసే కుటుంబాల మాట కొట్టిపారేసేది కాదు. చీకటి పడ్డాక చాలా పార్కుల్లో ఒంటరి ఆడపిల్ల నడవలేదు. తాగి పడిపోయేవాళ్లుంటారు, వెంటపడేవాళ్లుంటారు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసుల షీ టీమ్స్ మొదలైంది ఇలాంటివాళ్లను పట్టుకోడానికే. కానీ చూడండి, వేధించడం, తాగి అల్లరి చేయడం చట్టంలో ముందునుంచే నేరాలు. కొత్త బోర్డు అక్కర్లేదు. కావాల్సింది వెలిగే దీపాలు, తాళం వేయని టాయిలెట్లు, ఫోన్ చేస్తే వచ్చే మనిషి. వాటికి డబ్బు ఖర్చవుతుంది. బోర్డుకు రెండు మూడొందలు చాలు.

చట్టప్రకారం ఊరందరికీ వర్తించే రూలు కార్పొరేషన్ పెట్టాలంటే ఒక పద్ధతుంది. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టమే ఇవాళ జీహెచ్ఎంసీకీ ఆధారం. బైలా, అంటే కార్పొరేషన్ సొంత నిబంధన, తయారు చేయాలి, జనానికి తెలిసేలా ప్రకటించాలి, అభ్యంతరాలు వినాలి, ప్రభుత్వం ఆమోదించాలి. ఆ దారిలో వెళ్తే ఎదురు నడక నిషేధం మొదటి మీటింగులోనే నవ్వులపాలయ్యేది.

మా కాలనీ పార్కులో కూడా ఒక రేకు బోర్డుంది. ఆటలు ఆడరాదు, బంతి తేరాదు, పచ్చిక తొక్కరాదు. పచ్చిక ఎండిపోయి చాలా కాలమైంది. పోయిన నెల ఇద్దరు పిల్లల దగ్గర ప్లాస్టిక్ బంతి లాక్కుంటుంటే వాచ్‌మన్‌ను అడిగాను, ఈ రూలు ఎవరు పెట్టారని. ఆయన బోర్డు వైపు తిరిగి ఒకసారి కిందనుంచి పైదాకా చూశాడు, పేరేదైనా ఉందేమోనని.

"నేను డ్యూటీలో చేరకముందు నుంచే ఉంది సార్," అన్నాడు.