పంపు తుపాకీకి మడత బట్: గన్‌మ్యాన్లలో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డు వైపు డబ్బు వ్యాన్‌లో తిరిగే గన్‌మ్యాన్ ఒకతను మొన్న తన పంప్ యాక్షన్ తుపాకీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బ్యారెల్ కింద ఉండే పిడిని (అదే పంపు) వెనక్కీ ముందుకీ లాగితే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కే రకం అది. బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, దాన్ని మడిచే కీలు దగ్గర ఎర్రగా ఏదో పేరుకుని ఉంది. తుప్పేమో అనుకున్నాను. పుల్లతో గీకి చూస్తే మిరప దుమ్ము. నూనెలో కలిసి పిండిలా గట్టిపడింది. బట్ తెరిస్తే కీలు చివరిదాకా రావట్లేదు, గొళ్ళెం గాడిలో పడట్లేదు. "కాస్త బిగుసుకుంది మాస్టారూ, అంతే" అన్నాడు. గొళ్ళెం పడని బట్‌ని భుజానికి ఆనించి పేలిస్తే అది అక్కడికక్కడే మడతపడొచ్చు. అప్పుడు దాని వెనకే ఉండేది అతని చెంప.

సైన్యంలో ఆయుధాల మరమ్మతు చేసి వచ్చాను. ఇప్పుడు బెజవాడలో లైసెన్సున్న షాపులో అదే పని. బ్యాంకు గార్డులు, వ్యాన్ గన్‌మ్యాన్లు వచ్చినప్పుడల్లా మడత బట్ గురించి అడుగుతారు. అందులో సగం సినిమాల్లో చూసిందే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మడత బట్‌తో తుపాకీ తక్కువ తన్నుతుంది. మడిచేసి నడుం దగ్గర పెట్టుకుని కూడా కాల్చొచ్చు.

ఈ తుపాకుల్లో వాడే పన్నెండు బోరు తూటాలోంచి సుమారు 32 గ్రాముల సీసపు గుళ్ళు సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో బయటికి పోతాయి. ముందుకు ఎంత ఊపు పోయిందో అంత ఊపూ వెనక్కి రావాల్సిందే. మూడు కిలోల పైచిలుకు తుపాకీ బరువు దాన్ని కొంత నెమ్మదిస్తుంది, మిగతాది మన ఒళ్ళు తీసుకోవాలి. చెక్క బట్‌కి వెడల్పాటి మడమ ఉంటుంది, దాని మీద రబ్బరు మెత్త ఉంటుంది. ఉక్కు రేకుతో చేసిన మడత బట్‌కి చాలావాటికి మెత్త ఉండదు, భుజానికి తగిలే చోటు కూడా ఇరుకే. తన్ను అంతే, పడే చోటు చిన్నది. నాలుగు తూటాలు కాల్చేసరికి భుజం కందిపోతుంది. పైగా చెంప ఆనించే చోట చెక్క బదులు ఉక్కు కడ్డీ. అది చెంపకి కొట్టిందంటే, తర్వాతి తూటాకి మనిషి కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ నొక్కుతాడు. ఆ భయం పోగొట్టడానికి నెలలు పడుతుంది.

మడిచి కాల్చడం ఇంకో కథ. ఒకసారి ప్రాక్టీసులో మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న గార్డు ఒకతను వద్దంటున్నా మడిచేసి నడుం దగ్గర పెట్టి కాల్చాడు. మొదటి తూటా బోర్డు పైనుంచి మట్టికట్టలోకి పోయింది. రెండోదానికి పంపు లాగాడు, సగంలో ఆగింది. ఖాళీ తూటా బయటికి రాక తలుపులో ఇరుక్కుంది. చూసినవాళ్ళు తుపాకీ పాడైందన్నారు. తుపాకీకి ఏ లోపమూ లేదు. పంపుని వెనక్కి లాగాలంటే తుపాకీ ఎక్కడో ఒకచోట ఆగి నిలవాలి. భుజానికి ఆనిస్తే అది నిలుస్తుంది, చెయ్యి పూర్తిగా లాగుతుంది. గాల్లో పట్టుకుంటే చేతితో పాటు తుపాకీ మొత్తం వెనక్కొస్తుంది, పంపు చివరిదాకా పోదు. ఒక చేత్తో పట్టు, ఇంకో చేత్తో లాగుడు, మధ్యలో నిలబెట్టేది బట్ ఒక్కటే. పంపు తుపాకీలో బట్ సగం యంత్రం అని నేను గార్డులకి చెప్పేది ఇందుకే. ఆ అబ్బాయి మణికట్టు వారం రోజులు వాచింది.

అపోహ: బట్ పొట్టిదైతే గుళ్ళు చాటంత వెడల్పున పడతాయి, గురి చూడక్కర్లేదు.

గుళ్ళు విచ్చుకోవడం బ్యారెల్ చివరనున్న చోక్‌నీ (మూతి దగ్గర లోపలి ఇరుకునీ), తూటానీ బట్టి ఉంటుంది. వెనకున్న బట్‌కీ దానికీ సంబంధమే లేదు. చోక్ లేని బ్యారెల్ నుంచి పెద్ద గుళ్ళ తూటా గజానికి సుమారు అంగుళం చొప్పున విచ్చుకుంటుందని పనిలో ఉన్నవాళ్ళ మోటు లెక్క. ఏటీఎం గదిలో ఐదు గజాల దూరమంటే ఐదంగుళాలు. చాటంత కాదు, అరచేయంత. గురి చూడాల్సిందే. బట్ తుపాకీ పైకి మడుచుకునే రకమైతే, మడిచినప్పుడు గురి చూసే దారికే అడ్డొస్తుంది. పక్కకి మడుచుకునే రకంలో, బట్ కుడివైపుకి వస్తే ఖాళీ తూటా బయటపడే తలుపుకి అడ్డం అవుతుందేమో కొనేముందే చూసుకోవాలి.

సేఫ్టీ, అంటే తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే మీట, దాని సంగతీ అంతే. మాస్‌బర్గ్ 500 లాంటివాటికి సేఫ్టీ పైన, బొటనవేలికి అందేలా ఉంటుంది. మామూలు బట్‌తో అది చాలా సుఖం. మడత బట్‌తో పాటు పిస్తోలు పట్టు వస్తే బొటనవేలు కిందికి దిగిపోయి, సేఫ్టీ అందుకోవాలంటే పట్టు వదలాలి. రెమింగ్టన్ 870కి అది ట్రిగ్గర్ వెనక అడ్డబొత్తాం కాబట్టి ఈ ఇబ్బంది అంత ఉండదు.

అపోహ: ఉక్కుది కాబట్టి చెక్క కంటే మన్నుతుంది.

చెక్క బట్‌లో కదిలే భాగం లేదు. మడత బట్‌లో కీలు, పిన్ను, గొళ్ళెం ఉంటాయి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, ఉక్కపోతకి చెమట కారుతూనే ఉంటుంది, ఆ ఉప్పు నేరుగా కీల్లోకి దిగుతుంది. అరిగిన కీలు ఊగుతుంది, ఊగే బట్‌తో గురి కుదరదు. ఇక రోహిణి కార్తెలో ఎండలో ఆపిన వ్యాన్‌లో తుపాకీ వదిలి వచ్చి, ఆ ఉక్కు కడ్డీకి చెంప ఆనించి చూస్తే తెలుస్తుంది.

మరి దానివల్ల లాభమే లేదా అంటే, ఉంది. మడిస్తే పొడవు సుమారు పది అంగుళాలు తగ్గుతుంది. డబ్బు వ్యాన్‌లో ఇద్దరు సాయుధ గార్డులు, అందులో ఒకరు ముందు డ్రైవరు పక్కన ఉండాలని 2018 కేంద్ర నిబంధనలు చెప్తున్నాయి. ఆ ముందు సీట్లో పొడవాటి తుపాకీతో కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో దిగాలంటే బట్ సీటుకి తగులుతుంది, బ్యారెల్ డ్యాష్‌బోర్డుకి తగులుతుంది. అక్కడ మడత బట్ నిజంగా పనికొస్తుంది. లాకరులో పెట్టడానికీ మంచిదే. కాకపోతే కిందికి దిగగానే తెరిచి, గొళ్ళెం టక్కుమని పడిందో లేదో వినే అలవాటు ఉండాలి. ఆ అలవాటు లేని మనిషికి నేనైతే మడత బట్ వేయను.

పొట్టివాళ్ళకి కూడా మడత బట్ మంచిదంటారు. అది పొరపాటు. వాళ్ళకి కావాల్సింది కొలతకి తగిన బట్, లేదా ముందుకీ వెనక్కీ జరిగే రకం. మడవడం వేరు, కొలతకి జరపడం వేరు.

అపోహ: తుపాకీ పొట్టిగా చేసుకోవడం మన ఇష్టం, లైసెన్సుంటే చాలు.

ఈ మాట విన్నప్పుడు మాత్రం నాకు భయమేస్తుంది. బట్ మడిచే ఆలోచన నుంచి బ్యారెల్ కోసే ఆలోచనకి మనుషులు తొందరగా పోతారు. 1959 ఆయుధాల చట్టం ఆరో సెక్షన్ ప్రకారం ప్రత్యేక లైసెన్సు లేకుండా బ్యారెల్ పొడవు తగ్గించడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. 20 అంగుళాల కంటే చిన్న బ్యారెల్ ఉన్న స్మూత్‌బోర్ (బ్యారెల్ లోపల నున్నగా ఉండే) తుపాకీని మామూలు పన్నెండు బోరు లైసెన్సు మీద ఉంచుకోలేం. మరమ్మతు చేసే షాపుకీ లైసెన్సు కావాలి, కాబట్టి వీధి వెల్డింగ్ షాపులో కీలు అతికించుకోవద్దు. బట్ మార్చే ముందు కూడా లైసెన్సు ఇచ్చిన అధికారికి రాతపూర్వకంగా తెలియజేయమని నేను అందరికీ చెప్తాను. తుపాకీ బ్యాంకుదో ఏజెన్సీదో అయితే ముందు వాళ్ళ అనుమతి.

మిర్చి యార్డు వ్యాన్ అతని తుపాకీకి కీలు విప్పి కిరోసిన్‌లో కడిగాను. పిన్ను ఒకవైపు అరిగిపోయింది, గొళ్ళెం పడినా బట్ ఊగుతోంది. తుపాకీతో వచ్చిన పాత చెక్క బట్ ఏజెన్సీ స్టోరులోనే ఉందన్నాడు. వాళ్ళకి ఫోన్ చేయించి, అది తెప్పించి బిగించాను. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, బట్ మడమని అతని మోచేతి మడతలో ఆనించి చూపుడువేలు ట్రిగ్గర్ దగ్గరికి చాపమన్నాను. వేలి మొదటి కణుపు అందలేదు, ముప్పావు అంగుళం తక్కువైంది. వెనకున్న మందపాటి రబ్బరు మెత్త తీసి పల్చటిది వేశాను. ఇప్పుడు అందుతోంది. వచ్చే ప్రాక్టీసుకి నేనూ వెళ్తున్నాను, భుజం మీద ఎక్కడ ఆనుతోందో చూడాలి.