పికప్ బండ్లు: షోరూంలో వినే మాటలు, కాటా మీద తేలే లెక్కలు

"ఏ పికప్ మంచిది?" అని అడిగినవాళ్లను ముందు మనమే మూడు అడగాలి. ఏం మోస్తారు? ట్రిప్పుకు ఎన్ని కేజీలు? తిరిగొచ్చేటప్పుడు బండి ఖాళీయేనా? ఇవి తెలియకుండా ఇచ్చే సలహా ఉత్త గాలిమాట. బొలెరో పికప్, ఇంట్రా, దోస్త్, యోధా, ఏస్, సూపర్ క్యారీ... వీటిలో చెత్త బండి ఏదీ లేదు. సరుకుకు సరిపోని బండి కొంటే మాత్రం ఎంత మంచిదైనా రెండేళ్లలో షెడ్డుకే అంకితం.

అపోహ: కంపెనీవాళ్లు పేలోడ్ (బండి మోయగల సరుకు బరువు) తగ్గించి చెబుతారు, రెండింతలు వేసినా బండి లాగేస్తుంది

లాగుతుంది, ఎవరూ కాదనరు. అయితే లాగేది ఇంజిన్. మోసేవి కమాన్ పట్టీలు, హౌసింగు (వెనక ఇరుసు ఉండే ఇనుప గొట్టం), టైర్లు. ఆపాల్సినవి బ్రేకులు. పేలోడ్ అంకె వీటన్నిటినీ చూసి వేసింది.

మదనపల్లె వైపు టమాటా లోడు తీసుకోండి. నిండు క్రేటులో కాయ 25 కేజీలు, ఖాళీ క్రేటు బరువు మరో రెండు కేజీలు, మొత్తం 27 అనుకుందాం. తొమ్మిదడుగుల తొట్టిలో పొడవునా అయిదు, అడ్డంగా నాలుగు పెడితే వరసకు 20 క్రేట్లు. 1,500 కేజీల బండికి 55 క్రేట్లతోనే కోటా అయిపోతుంది. అంటే మూడో వరస కూడా పూర్తిగా నిండదు. కానీ రోడ్డు మీద కనిపించే బండ్లలో అయిదు, ఆరు వరసలుంటాయి. అయిదు వరసలంటే వంద క్రేట్లు, 2,700 కేజీలు. తొట్టి కంటికి ఖాళీగా కనబడుతోంది కదా అని వేసుకుంటూ పోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. గుంటూరు మిర్చి టిక్కీలకు (బస్తాలకు) లెక్క తిరగబడుతుంది. సరుకు తేలిక కాబట్టి బరువు కన్నా ముందు చోటు అయిపోతుంది. అక్కడ పేలోడ్ కంటే తొట్టి పొడవు ముఖ్యం. టమాటాకు, మిర్చికి ఒకే బండి కొనమనేవాళ్లను నమ్మకండి.

బాడీ బరువును చాలామంది మరిచిపోతారు. క్యాబ్ చాసిస్ (తొట్టి లేని బండి) కొని బయట ఎత్తు జాలీ, చెకర్ ప్లేట్ ఫ్లోర్ వేయించుకుంటే ఆ ఇనుము బరువంతా మీ పేలోడ్‌లోంచే పోతుంది. బాడీ కట్టించాక ట్యాంకు నింపి, డ్రైవరును కూర్చోబెట్టి, ఒకసారి కాటా వేయించండి. ఆర్సీలో ఉన్న మొత్తం బరువులోంచి ఆ అంకె తీసేస్తే మిగిలేదే మీరు వేయగల సరుకు.

ఓవర్‌లోడుతో పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ మరో 2,000. 2019 సవరణ తర్వాతి మాట ఇది. పై సరుకు దింపించే ఖర్చూ మీదే.

అపోహ: వెనక ఇంకో రెండు పట్టీలు వేయిస్తే బండికి బలం వస్తుంది

దీని దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఇందులో జరిగే నష్టం కంటికి కనబడదు.

చాలా పికప్‌లలో వెనక హౌసింగుకూ చాసిస్‌కూ మధ్య సన్నటి కడ్డీతో కలిపిన ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. దాన్ని లోడ్ సెన్సింగ్ వాల్వ్ అంటారు. లోడు పడితే చాసిస్ కిందికి దిగుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వ్ వెనక బ్రేకులకు ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. ఖాళీ బండిలో వెనక చక్రాలు పట్టేసి జారిపోకుండా ప్రెషర్ తగ్గిస్తుంది. అదనపు పట్టీలు వేసినప్పుడు లోడు పడ్డా చాసిస్ పెద్దగా దిగదు. బండి ఖాళీగానే ఉందనుకుని వాల్వ్ వెనక బ్రేకు తగ్గించేస్తుంది. రెండు టన్నులు వెనకుంటే ఆపే భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. ఘాట్‌లో దిగేటప్పుడు ముందు ప్యాడ్లు కాలిన వాసన వస్తోందంటే మొదట చూడాల్సిన చోట్లలో ఇదొకటి. పట్టీలు మార్చినా, కొత్తవి వేయించినా ఆ కడ్డీని కంపెనీ కొలత ప్రకారం మళ్లీ సెట్ చేయించాలి. పట్టీలు వేసే షెడ్డులో దాని ఊసే ఎత్తరు.

పట్టీలను హౌసింగుకు బిగించే యూ బోల్టులూ అంతే. కొత్త పట్టీల కట్ట నాలుగైదు లోడులకు సర్దుకుంటుంది, బోల్టులు కాస్త వదులవుతాయి. వెయ్యి కిలోమీటర్ల లోపు మళ్లీ బిగించకపోతే సెంటర్ బోల్టు తెగుతుంది, హౌసింగు ఒక పక్కకు జరుగుతుంది, బండి రోడ్డు మీద ఏటవాలుగా నడుస్తుంది.

అపోహ: పేరున్న బండి అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు

పేరు ఊరికే రాదు. బొలెరో పికప్‌లో 2,523 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉంది, మండల కేంద్రంలో మెకానిక్ దొరుకుతాడు. బానెట్ ముందుంది కాబట్టి ఫిల్టరు, బెల్టు, ఇంజెక్టరు చేతికి అందుతాయి. యోధా కూడా బానెట్ బండే. 2.2 లీటర్ల ఇంజిన్, 250 న్యూటన్ మీటర్ల టార్కు (లాగే బలం). 2022లో రెండు టన్నుల రకం వచ్చింది. గతుకుల దారి, ఇటుక, ఇసుక, ధాన్యం బస్తాల లాంటి బరువు సరుకులకు ఈ తరహా బండ్లు పనికొస్తాయి.

అయితే బానెట్ పొడవు కూడా బండి పొడవులోదే. అదే తొట్టి ఉన్న ఇంట్రా, దోస్త్ లాంటివి ఇంజిన్‌ను సీటు కింద పెట్టుకుని పొట్టిగా ఉంటాయి. ఇంట్రా వీ30లో 1,496 సీసీ, 140 న్యూటన్ మీటర్లు, 1,300 కేజీల పేలోడ్. వీ50లో అదే ఇంజిన్ 220 న్యూటన్ మీటర్లతో 1,500 కేజీలకు వస్తుంది. బేగంబజారు సందుల్లో రోజుకు పదిసార్లు రివర్స్ కొట్టే బండికి ఈ పొట్టితనమే లాభం. సీటు ఎత్తితే గానీ ఇంజిన్ కనబడదు, క్యాబిన్‌లో వేడి ఎక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం డ్రైవరు పడే బాధ బ్రోచరులో ఉండదు.

నమ్మకం తేల్చుకోవడానికి దగ్గరి దారి ఒకటుంది. మీ ఊరి నుంచి ముప్ఫై కిలోమీటర్ల లోపున్న స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి నాలుగు సామాన్లు అడగండి: క్లచ్ సెట్టు, ముందు బ్రేక్ ప్యాడ్లు, వెనక వీల్ బేరింగు, ఒక ఇంజెక్టరు. నాలుగూ అదే రోజు దొరికితే ఆ బండి మీ ఊరికి నమ్మకమైనదే. "రెండ్రోజులు ఆగండి, తెప్పిస్తాం" అంటే ఆ రెండ్రోజుల కిరాయి పోయినట్టే, కిస్తీ మాత్రం ఆగదు.

అపోహ: చిన్న బండి ఎప్పుడూ చవక

ఏస్ 2005లో వచ్చినప్పుడు 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్‌తో మూడు చక్రాల ఆటోకీ పెద్ద ట్రక్కుకీ మధ్య ఖాళీని పూడ్చింది. ఆ పనికి ఆ తరహా బండి ఇప్పటికీ సరైనదే. మరి చవకా? లెక్క వేద్దాం.

డీజిల్ లీటరు 96 రూపాయలు, పికప్ మైలేజీ 12, చిన్న బండి మైలేజీ 18 అనుకోండి. కిలోమీటరుకు పికప్‌కు 8 రూపాయలు, చిన్న బండికి 5.33. పికప్‌లో టన్నున్నర వేస్తే టన్ను కిలోమీటరుకు 5.33 పడుతుంది. 750 కేజీల చిన్న బండికి 7.11. నిండు లోడు రోజూ ఉంటే పెద్ద బండే చవక. మీ సరుకు రోజుకు 700 కేజీలు దాటదనుకుంటే పికప్‌కు అది 11.43కి ఎగబాకుతుంది, చిన్న బండి 7.62 దగ్గర ఆగుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌లోనే 5,300 పైచిలుకు తేడా. కిస్తీ తేడా దీనికి అదనం.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో చిన్న బండికి ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. కిరాయికి తిప్పే నాలుగు చక్రాల గూడ్సు బండికి 7,500 కేజీల లోపు ఒకటే స్లాబు. 2022 రేట్ల ప్రకారం 16,049 రూపాయలు, జీఎస్టీ అదనం.

అపోహ: గూడ్సు బండంటే డీజిలే

పాల ప్యాకెట్లు, వాటర్ క్యాన్లు, బేకరీ సరుకు లాంటి ఆగుతూ సాగే పనికి రోజుకు నలభై, యాభై కిలోమీటర్లే అయితే డీజిల్ ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తుంటారు. అక్కడ పెట్రోలు, సీఎన్జీ నయం. మారుతీ 2020లో బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) వచ్చినప్పటి నుంచి సూపర్ క్యారీని ఆ రెండింటిలోనే అమ్ముతోంది. సీఎన్జీ సిలిండర్లకూ బరువుంటుందని గుర్తుంచుకోండి. పెట్రోలు సూపర్ క్యారీ పేలోడ్ 740 కేజీలు, సీఎన్జీది 625. సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ప్రెషర్‌తో చేసే గట్టిదనం పరీక్ష) తప్పనిసరి. పాత సీఎన్జీ బండి కొంటే ముందు సిలిండరు ప్లేటు మీద ఆ టెస్టు తేదీ చూడండి.

అపోహ: బీఎస్6 బండ్లు పల్లెటూళ్లలో పనికిరావు

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బీఎస్6 డీజిల్ బండి సైలెన్సర్‌లోని మసిని అప్పుడప్పుడూ కాల్చి శుభ్రం చేసుకుంటుంది. దానికి వేడి కావాలి. పొలం నుంచి రోడ్డు దాకా, రోడ్డు నుంచి మిల్లు దాకా నాలుగేసి కిలోమీటర్లే తిప్పితే ఆ వేడి రాదు, మీటరు బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది. లైటు వెలిగిన రోజే హైవే మీద బండితో వచ్చిన బుక్కులో చెప్పిన వేగంతో ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపితే చాలాసార్లు ఆరిపోతుంది. పట్టించుకోకుండా వారం తిప్పితే బండి పవర్ తగ్గించేస్తుంది, ఇక కంపెనీ షెడ్డే గతి.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు. డీపీఎఫ్ బండిలో పెరిగినా కంగారు పడాలి. మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా చిమ్మే డీజిల్, ఆ పని మధ్యలోనే ఆగిపోతే సిలిండరు గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. గరిష్ఠ గీత దాటి, వేలితో రుద్దితే నీళ్లలా పల్చగా ఉందంటే కిలోమీటర్లు పూర్తికాకపోయినా ఆయిల్ మార్చేయాలి. డీపీఎఫ్‌కు సరిపడే ఆయిల్ గ్రేడు బుక్కులో ఉంటుంది. ట్రాక్టరుకు కొన్న డబ్బా మిగిలింది కదా అని అందులోంచి పోయకండి. కామన్ రైల్ (ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ చిమ్మే పద్ధతి) ఇంజెక్టర్లకు నీళ్లు కలిసిన డీజిల్ పడదు. ఫిల్టరు అడుగున ఉన్న స్క్రూ వదిలి నీళ్లు తీసే పని రెండు నిమిషాలది. వానాకాలంలో వారానికోసారైనా చేయండి.

అపోహ: ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించాలి, లేకపోతే టైరు పేలుతుంది

గాలి తక్కువున్న టైరే పేలుతుంది. లోడు కింద పక్కగోడ ఎక్కువగా నలిగి, వేడెక్కి, లోపలి దారాలు వదిలేస్తాయి. డోరు దగ్గరి స్టిక్కరు మీద ముందు, వెనక, లోడుతో అని అంకెలుంటాయి. పొద్దున్నే బండి తీయకముందు ఆ అంకె చూసి కొట్టించండి. మిట్టమధ్యాహ్నం వేడి టైరులో పెరిగిన అంకె చూసి గాలి తీయించడం అసలైన పొరపాటు.

అపోహ: ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ కొంటే ఇంటికి కారు, పొలానికి లోడు బండి రెండూ ఒకటే

ఇసుజు బండ్లు 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతున్నాయి, హైలక్స్ 2022లో వచ్చింది. రెండూ గట్టి బండ్లే. కానీ తొట్టి దాదాపు అయిదడుగులే, మోసే బరువు ఇంట్రాతో పోల్చడానికి కూడా లేదు. తెల్ల ప్లేటు మీద (సొంత వాడకానికి) రిజిస్టరైన బండితో కిరాయి లోడు కొడితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర ఇరుక్కుంటారు. వీటిని సామాను పట్టే ఎస్‌యూవీలుగా చూడాలి. పని బండి కావాలంటే అదే ఇసుజులో సింగిల్ క్యాబ్ డీ-మ్యాక్స్ ఉంది.

అపోహ: బ్యాడ్జి (ట్రాన్స్‌పోర్టు బండి నడిపేందుకు లైసెన్సుపై ఇచ్చే అనుమతి), పర్మిట్ లేకుండా పికప్ నడపకూడదు

2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చేసింది. ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుంటే 7,500 కేజీల లోపు ట్రాన్స్‌పోర్టు బండి కూడా నడపవచ్చు. మొత్తం బరువు 3,000 కేజీలు దాటని గూడ్సు బండికి పర్మిట్ అక్కర్లేదు. కొన్ని మోడళ్లు మూడు వేలకు కాస్త దిగువన ఆగిపోవడం వెనక మతలబు అదే. ఫిట్‌నెస్ మాత్రం ఎవరికీ తప్పదు. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

అపోహ: పాత పికప్‌కు ఇంజిన్ బాగుంటే చాలు

ఇంజిన్ బాగుచేయవచ్చు, వంగిన చాసిస్‌ను చేయలేం. బండి కిందికి దూరి క్యాబిన్ వెనక, తొట్టి మొదలయ్యే చోట రెండు పక్కలా టార్చి వేసి చూడండి. ఓవర్‌లోడు బండి ముందుగా చీలేది అక్కడే. అక్కడ మాత్రమే కొత్త రంగు ఉంటే బ్లేడుతో గీకి చూడండి, వెల్డింగు గీత బయటపడుతుంది. భీమవరం, ఆకివీడు వైపు చేపలు, రొయ్యలు మోసిన బండి అయితే చెక్క సుత్తితో క్రాస్ మెంబర్లను తట్టండి. ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు కలిసి లోపలి నుంచి తినేసిన ఇనుము గణగణమనదు, డొల్ల చప్పుడు చేస్తుంది. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టును (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే కడ్డీని) చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, దాని కీళ్లయిన క్రాసుల్లో లూజుంటే టక్కుమంటుంది. అది చిన్న ఖర్చే, బేరంలో తగ్గించుకోవచ్చు. చాసిస్‌లో వెల్డింగు కనిపిస్తే బేరమే వద్దు. ఇవన్నీ దాటాక ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఉందేమో చూసి, ఫారం 35 (అప్పు తీరిందని ఫైనాన్సు కంపెనీ సంతకం చేసే కాగితం) చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.